చేయించడం వేరు, చేయాలనిపించడం వేరు: పనిచోట ప్రేరణ ఎప్పుడు, స్ఫూర్తి ఎప్పుడు

తిరుపతిలో లాడ్జీలు, ల్యాబులు నడిపేవారూ, చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు పరిశ్రమల్లో సూపర్‌వైజర్లుగా ఉన్నవారూ నన్ను తరచుగా అడిగేది ఒకటే: "మా వాళ్లలో ఊపు తగ్గిపోయింది సార్, ఒక గంట వచ్చి మోటివేషన్ క్లాసు చెప్పిపోతారా?" శిక్షణ ఇచ్చే పనిలో ఉన్నవాడిని కాబట్టి అలాంటి క్లాసులు చాలానే చెప్పాను. వాటి ప్రభావం మరుసటి సోమవారం దాకా నిలిచిన సందర్భాలు తక్కువని ఒప్పుకోవడానికి నాకు సంకోచం లేదు. అడిగినవారికి విడివిడిగా చెబుతూ వచ్చిన జవాబునే ఇక్కడ వరుసగా రాస్తున్నాను. పది మంది నుంచి యాభై మంది దాకా సిబ్బందిని చూసుకునేవారికి ఇది సరిపోతుంది.

ముందుగా తేడా

బడిలో ప్రేరణార్థక క్రియలు చదివే ఉంటారు: చేయు, చేయించు, వ్రాయు, వ్రాయించు. ప్రేరణ అంటే అదే, చేయించడం. అందులో చేయించేవారు ఒకరు, చేసేవారు మరొకరు. జీతం పెంపు, ఇన్సెంటివ్, గడువు, హాజరు పట్టీ, మెచ్చుకోలు, మందలింపు, ఇవన్నీ ఆ కోవలోవే. స్ఫూర్తి దారి వేరు. "నాకు ఫలానా ఆలోచన స్ఫురించింది" అంటామే గాని, ఎవరో వచ్చి మనచేత స్ఫురింపజేయించారని అనం. అది మనిషి లోపల పుట్టవలసినదే. అది పుట్టడానికి అనువైన చోటును మాత్రం మీరు సిద్ధం చేయగలరు.

స్ఫూర్తి గొప్పది, ప్రేరణ తక్కువది అని అనుకోకండి. తాళాల లెక్క, చేతికి గ్లౌజులు, నెలాఖరు ఖాతాలు, గ్యాస్ వాల్వు కట్టేయడం వంటి పనులకు ఎవరిలోనూ స్ఫూర్తి పొంగనక్కరలేదు. అవి చేయించవలసిన పనులు. వయసు మళ్లిన యాత్రికుడు అర్ధరాత్రి గది దొరక్క కౌంటరు ముందు నిలబడినప్పుడు అతనితో మాట్లాడే తీరును మాత్రం ఏ పట్టీతోనూ చేయించలేరు. ఒకదానికి వాడవలసిన మందును రెండోదానికి వాడడం వల్లే ఎక్కువ ఇబ్బందులు వస్తున్నాయని నా అభిప్రాయం.

కావలసినవి

ఒక చేతి పుస్తకం, సిబ్బంది పేర్ల జాబితా, గడచిన మూడు నెలల జీతాల రిజిస్టరు, హాజరు వివరాలు, వచ్చిన ఫిర్యాదులు. వారానికి రెండు గంటల సమయం, మొత్తం ఆరు వారాలు. మీరు యజమాని కాకపోతే, చిన్న మొత్తాలు ఖర్చు పెట్టడానికి ఆయన అనుమతి ముందే తీసుకోండి. మీ సిబ్బంది పని వల్ల మేలు పొందిన ఒక మనిషి కూడా కావాలి. అలాంటివారిని ఎలా వెతకాలో నాలుగో అడుగులో చెబుతాను.

1. బాకీలు తీర్చండి

ఈ అడుగును దాటవేసి ముందుకు వెళ్లకండి. జీతం ఏ తేదీన ఇస్తామన్నారు, ఏ తేదీన ఇచ్చారు? ఓవర్‌టైమ్‌కు చట్టం చెప్పిన రెట్టింపు రేటు కడుతున్నారా? జీతంలోంచి కోసిన పీఎఫ్ 12 శాతం, ఈఎస్‌ఐ 0.75 శాతం సిబ్బంది ఖాతాల్లో నిజంగా జమ అయ్యాయా? ఒక్కొక్కరి పేరు ఎదుట వీటి జవాబులు రాయండి. చట్టంలోని బోనస్ నిబంధనలు మీ సంస్థకు వర్తించేటట్లయితే అర్హులైనవారికి ఇవ్వవలసిన కనీస బోనస్ 8.33 శాతం. అది వారి హక్కు. దాన్ని పండగ కానుకలాగా చేతులమీదుగా పంచి, ఫొటో తీయించి, సిబ్బంది కృతజ్ఞత చూపలేదని నొచ్చుకునేవారిని నేను చూశాను.

అమెరికాలో ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ బృందం సుమారు రెండు వందల మంది ఇంజనీర్లను, అకౌంటెంట్లను ప్రశ్నించి 1959లో చెప్పిన విషయం ఇక్కడ పనికొస్తుంది. జీతం, పని పరిస్థితులు, పర్యవేక్షణ సరిగా లేకపోతే అసంతృప్తి పుడుతుంది. అవి సరిగా ఉన్నంత మాత్రాన ఉత్సాహం పుట్టదు. ఉత్సాహం పనిలోంచి, సాధించామన్న తృప్తిలోంచి, గుర్తింపులోంచి వస్తుంది. ఆ సిద్ధాంతం మీద తర్వాత విమర్శలు వచ్చాయి గాని, అందులోని మొదటి సగాన్ని నేను ప్రతి సంస్థలోనూ చూస్తున్నాను. ఈ అడుగు పూర్తి చేస్తే ఎవరూ మిమ్మల్ని పొగడరు. అయితే మీరు చెప్పే మిగతా మాటలు వినడానికి మాత్రం సిద్ధపడతారు.

జాగ్రత్త: డబ్బు బాకీలతో పాటు మాట బాకీలు కూడా ఉంటాయి. "దసరా తర్వాత నిన్ను పగటి షిఫ్టుకు మారుస్తా" అని రెండేళ్ల కిందట మీరు అన్నది మీకు గుర్తుండదు, ఆ మనిషికి గుర్తుంటుంది. ఆ వరుస కోసం పుస్తకంలో ఒక పేజీ వదలండి, సిబ్బందినే అడిగి నింపండి.

2. పనులను రెండు జాబితాలుగా విడగొట్టండి

ఒక్కో ఉద్యోగికి ఒక పేజీ కేటాయించి, అతను రోజూ చేసే పనులన్నీ రాయండి. ప్రతి పని ఎదుట ఈ ప్రశ్న వేసుకోండి: ఈ పని బాగా జరిగిందో లేదో మరొకరు లెక్కపెట్టి చెప్పగలరా? చెప్పగలిగితే అది చేయించవలసిన పని. చెప్పలేకపోతే, లేదా లెక్కపెట్టడం మొదలుపెట్టగానే పని చెడిపోయేటట్లుంటే, అది చేయాలనిపించవలసిన పని.

ల్యాబులో రక్తం తీసే ఉద్యోగిని తీసుకుందాం. ట్యూబు మీద పేరు, సమయం రాయడం మొదటి జాబితాలోకి వస్తుంది. సూది చూసి ఏడ్చే పిల్లవాడిని మాటల్లో పెట్టి, ఒక్క పోటుతో పని ముగించాలన్న పట్టుదల రెండో జాబితాలోకి వస్తుంది. మనుషులను ఇలా విడగొట్టకండి. "ఇతనికి డబ్బు చూపిస్తేనే కదులుతాడు, ఆమె మనసుపెట్టి చేస్తుంది" అని ముద్ర వేస్తే ఇద్దరికీ అన్యాయం జరుగుతుంది, ముఖ్యంగా ఆమెకు. మనసుపెట్టి చేసేవారి జీతం పెంచడమే చాలామంది యజమానులు మరచిపోతారు.

3. చేయించవలసిన పనికి ప్రోత్సాహకం కట్టండి

ఇందులో నా తప్పునే ఉదాహరణగా చెబుతాను. ఒక ఏడాది బ్రహ్మోత్సవాల ముందు ఒక లాడ్జి యజమానికి, ఖాళీ అయిన గదిని శుభ్రం చేసి అప్పగించిన ప్రతిసారీ రూమ్‌బాయ్‌కి 10 రూపాయలు ఇవ్వమని సలహా ఇచ్చాను. నాలుగు రోజుల్లో గదులు అప్పగించే వేగం చెప్పుకోదగినంత పెరిగింది. ఐదో రోజు నుంచి ఫిర్యాదులు మొదలయ్యాయి: బాత్రూములు తడిగా ఉన్నాయి, దుప్పట్లు మార్చకుండా దులిపి పరిచారు, బకెట్లో పాత నీళ్లే ఉన్నాయి. తప్పు ఆ కుర్రాళ్లది కాదు. నేను గదులను లెక్కపెట్టాను, వారు గదులనే పెంచారు.

తర్వాత ఇలా మార్చాము. నేల ఆరిందా, దుప్పటి మార్చారా, వేడినీళ్లు వస్తున్నాయా అన్న మూడూ చూసి, రిసెప్షన్‌లో ఉన్నవారు సంతకం పెట్టిన గదినే లెక్కలోకి తీసుకున్నాము. మొత్తాన్ని ఆ అంతస్తులో పనిచేసినవారందరికీ వారాంతంలో సమానంగా పంచాము. ఎప్పటి నుంచి ఎప్పటి దాకా ఇస్తామో తేదీలతో సహా మొదటి రోజునే గోడ మీద అంటించాము. ఈ చివరిది చిన్న విషయంగా కనిపిస్తుంది గాని, చెప్పకుండా ఆపేసిన ప్రోత్సాహకాన్ని సిబ్బంది జీతం కోతగానే భావిస్తారు.

డబ్బు లేకపోతే? షిఫ్టు ఎంచుకునే అవకాశం, పూర్తి వారాంతపు సెలవు, రాత్రి పూట ఇంటికి చేర్చే వాహనం కూడా ప్రోత్సాహకాలే. పీలేరు వైపు ఆఖరి బస్సు తప్పిపోయే భయంతో తొమ్మిదింటికే గడియారం చూసుకునే మనిషికి 50 రూపాయల కంటే ఆటో ఏర్పాటే మేలు.

హెచ్చరిక: సిబ్బంది ఇష్టంగా చేస్తున్న పనికి కొత్తగా రేటు కట్టవద్దు. 1971లో ఎడ్వర్డ్ డెసి అనే పరిశోధకుడు విద్యార్థులచేత పజిళ్లు చేయించి, కొందరికి ఒక్కోదానికి ఒక డాలరు ఇచ్చాడు. డబ్బు ఆగిపోయాక వారు ఖాళీ సమయంలో ఆ పజిల్ ముట్టుకోవడం తగ్గింది. మీ రిసెప్షన్‌లోని అమ్మాయి ముసలివాళ్లను లిఫ్టు దాకా చేయిపట్టుకుని తీసుకెళుతున్నదంటే, దానికి 20 రూపాయలు ప్రకటించకండి. ఆమెను పక్కకు పిలిచి, మీరు గమనించారని చెప్పండి, చాలు.

4. పని ఎవరికి చేరుతున్నదో కళ్లకు చూపించండి

రెండో జాబితాలోని పనులకు నాకు తెలిసినంతలో ఇంతకంటే మేలైన ఉపాయం లేదు. అమెరికాలో ఒక విశ్వవిద్యాలయానికి ఫోన్ల ద్వారా విరాళాలు అడిగే ఉద్యోగులను, ఆ విరాళాలతో చదువుకున్న ఒక విద్యార్థితో ఐదు నిమిషాలు మాట్లాడించారు. ఆడమ్ గ్రాంట్, ఆయన సహచరులు 2007లో ప్రచురించిన ఆ అధ్యయనంలో, ఒక నెల తర్వాత చూస్తే వారు ఫోన్లో గడిపే సమయం 142 శాతం, తెచ్చిన సొమ్ము 171 శాతం పెరిగాయి. మీ దగ్గర అంత పెరుగుతుందని నేను అనను. అయితే అక్కడ ఉపన్యాసం ఏదీ లేదన్నది గమనించండి.

చిత్తూరు దగ్గర ఒక గుజ్జు పరిశ్రమలో ఇదే పద్ధతిని వేరే రూపంలో ప్రయత్నించాము. తోతాపురి సీజన్లో బెల్టు దగ్గర గంటల తరబడి నిలబడి మచ్చకాయలు, కుళ్లుకాయలు ఏరేసే ఆడవాళ్లలో చాలామంది, కాయ బెల్టు దాటాక ఏమవుతుందో ఎన్నడూ చూడలేదు. షిఫ్టు మారే వేళ ఆరుగురి చొప్పున లోపలికి తీసుకెళ్లి, గుజ్జు తీసే యంత్రాన్ని, ల్యాబులో బ్రిక్స్ (గుజ్జులో తీపి ఎంతుందో చెప్పే కొలత) చూసే తీరును, నల్ల నలకలు కనబడి పక్కన పెట్టేసిన డ్రమ్మును చూపించాము. అంతా కలిపి పదిహేను నిమిషాలు. బయటికి వచ్చాక వారిలో పెద్దామె, "ఇన్నేండ్లుగా కాయలేరతా ఉండాం, యాడికి పోతాదో ఇప్పుడు సూసినాం సారూ" అన్నది. మరుసటి వారం ఆమే వచ్చి, బెల్టు చివర లైటు చాలడం లేదని, అక్కడే మచ్చలు తప్పించుకుపోతున్నాయని చెప్పింది. మూడేళ్లుగా ఆ లైటు అలాగే ఉంది. గేటు బయట కాయలు తెచ్చిన ట్రాక్టర్ల వరుసలో తమ ఊరివాళ్లే నిలబడి ఉంటారన్న సంగతి మాత్రం మనం వారికి చెప్పనక్కరలేదు, అది వారికే బాగా తెలుసు.

మీ చోట ఇలా చేయండి:

- మేలు పొందిన మనిషిని వెతకండి. ల్యాబు అయితే రిపోర్టు చూసి డాక్టరు మందు మార్చడం వల్ల కుదుటపడిన రోగి. లాడ్జి అయితే ఏటా అదే గదికి వచ్చే కుటుంబం. పాల కేంద్రమైతే ఆ పాల డబ్బుతో పిల్లల ఫీజు కట్టే రైతు.
- వారి అనుమతి అడగండి. రోగి విషయంలో ఇది తప్పనిసరి.
- ఐదు నుంచి పది నిమిషాలు, సిబ్బంది పని చేసే చోటే మాట్లాడించండి. ఏం చెప్పాలో రాసివ్వకండి.
- ఆ తర్వాత మీరు మైకు పుచ్చుకోకండి. విన్నది చాలు, సారాంశం అక్కరలేదు.
- మనిషి దొరకకపోతే ఉత్తరం, వాట్సాప్‌లో వచ్చిన మాట కూడా పనిచేస్తాయి, కొంచెం తక్కువగా. పొగడ్తనే కాక నిజమైన ఫిర్యాదును కూడా వినిపించండి.

మన ప్రాంతంలో తప్పక ఎదురయ్యే ఒక పొరపాటును ఇక్కడే చెప్పాలి. తిరుమలలో 2000లో మొదలైన శ్రీవారి సేవలో, స్కార్ఫు వేసుకుని క్యూలలో మంచినీళ్లు అందించేవారు, అన్నప్రసాదం దగ్గర సేవ చేసేవారు వేతనం తీసుకోరు. వారిని చూపించి, "పైసా పుచ్చుకోకుండా ఎంత ఆనందంగా చేస్తున్నారో చూడండి" అని సిబ్బందికి చెప్పే యజమానులున్నారు. దయచేసి ఈ పోలిక తేవద్దు. సేవకుడు కొన్ని రోజులకోసం వస్తాడు, అతని బతుకుతెరువు వేరే చోట ఉంది. మీ రూమ్‌బాయ్‌కి ఈ లాడ్జే బతుకుతెరువు. ఆ సేవ నుంచి మీరు నేర్చుకోదగినది మరొకటి ఉంది: సేవకుడు తాను అందించిన గ్లాసును ఎవరు అందుకున్నారో, ఎంత దాహంతో తాగారో కళ్లారా చూస్తాడు. మీ ఇస్త్రీ గదిలో దుప్పట్లు మడతపెట్టే మనిషికి ఆ అవకాశం మీరు ఎన్నడైనా ఇచ్చారా?

5. కొంత నిర్ణయాధికారం వదులుకోండి

చేయాలనిపించిన మనిషికి చేసే వీలు లేకపోతే ఆ కోరిక వారంలో చస్తుంది. నాలుగో అడుగు తర్వాత సిబ్బంది ఏదో ఒకటి అడుగుతారు: లైటు, స్టూలు, ఇంకొక బకెట్. వారంలోగా ఇవ్వండి, లేదా ఎందుకు ఇవ్వలేరో చెప్పండి. కౌంటరులో ఉన్నవారికి, ఎవరినీ అడగకుండా రోజుకు 200 రూపాయల దాకా ఖర్చు పెట్టి యాత్రికుడి ఇబ్బంది తీర్చే అధికారం ఇచ్చి చూడండి. పసిపిల్లకు పాలు, ముసలాయనకు ఆటో వంటివాటికే ఖర్చవుతుంది. దుర్వినియోగం అవుతుందన్న భయం అందరికీ ఉంటుంది. నెల చివర చీటీలన్నీ చూడండి, కాని ప్రతి చీటీకీ సంజాయిషీ అడగకండి. అడిగితే రెండో నెల నుంచి ఆ డబ్బును ఎవరూ ముట్టుకోరు.

6. మీ నడత చూసుకోండి

దీని గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. రద్దీ రోజున మీరు ఎక్కడ నిలబడ్డారో సిబ్బంది చూస్తారు. ఎయిర్ కండిషన్ గదిలో కూర్చుని అంకితభావం గురించి వాట్సాప్ సందేశాలు పంపేవారికి ఈ వ్యాసం ఉపయోగపడదు.

తరచుగా జరిగే పొరపాట్లు

మొదటి అడుగు వదిలేసి నాలుగోదానికి వెళ్లడం అన్నింటికంటే ఎక్కువగా జరిగే తప్పు. జీతం పదిహేను రోజులు ఆలస్యమైన నెలలో రోగిని తీసుకొచ్చి మాట్లాడిస్తే, సిబ్బందికి అది తమను ఊరుకోబెట్టడానికి ఆడిన నాటకంలాగే తోస్తుంది. వారు తప్పుగా అనుకున్నారని కూడా అనలేము.

"ఈ నెల ఉత్తమ ఉద్యోగి" ఫొటో మరొకటి. నలుగురే ఉన్న చోట అది వంతులవారీగా తిరుగుతుంది, నలభై మంది ఉన్న చోట ముప్పైతొమ్మిది మందిని నొప్పిస్తుంది. దాని బదులు ఎవరు ఏం చేశారో నిర్దిష్టంగా, ఆ రోజే, వారికే చెప్పండి. "బాగా చేశావు" అనడం కంటే, "మూడో నంబరు గదిలో మరచిపోయిన మందుల సంచిని రైల్వే స్టేషన్ దాకా తీసుకెళ్లి ఇచ్చావు" అనడంలో మీరు చూశారన్న సంగతి తెలుస్తుంది.

ఇక సీజన్ మధ్యలో స్ఫూర్తి కార్యక్రమాలు పెట్టడం. జూన్, జూలైలలో గేటు బయట ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నప్పుడు గంటసేపు సమావేశం పెడితే తిట్టుకుంటారు. అప్పుడు కావలసినవి వేడి టీ, అదనపు చేతులు, సమయానికి ఓవర్‌టైమ్ డబ్బు. పదిహేను నిమిషాలు మించినవన్నీ సీజన్‌కు ముందే ముగించండి.

ఫలితం చూసుకోవడం ఎలా

రెండు జాబితాలకు రెండు రకాల పరీక్షలున్నాయి. మొదటి జాబితాను అంకెలతో చూడండి: ఆలస్యపు హాజరు, తిరిగి చేయవలసి వచ్చిన పని, పేరు లేని ట్యూబులు, ఫిర్యాదులు. ప్రయత్నానికి ముందు నాలుగు వారాలు, తర్వాత నాలుగు వారాలు పోల్చండి. బ్రహ్మోత్సవాల వారాన్ని మామూలు వారంతో పోల్చకండి.

రెండో జాబితాకు అంకెలు పనికిరావు. ఒక రోజు చెప్పకుండా సెలవు పెట్టి, మరునాడు ఏం జరిగిందో సిబ్బందిని కాక వచ్చిపోయినవారిని అడగండి. మీరు ఉన్న రోజుకూ లేని రోజుకూ మర్యాదలో తేడా కనబడకపోతే మంచి గుర్తు. సిబ్బంది అడిగే ప్రశ్నలను కూడా పుస్తకంలో రాసుకోండి. "ఇది చేస్తే ఎంత ఇస్తారు?" అన్నవి తగ్గి, "ఇది ఇలా చేస్తే బాగుంటుంది కదా?" అన్నవి పెరుగుతున్నాయా? కొత్తగా చేరినవారికి, ఎవరూ చెప్పకుండానే, పాతవారు పని నేర్పుతున్నారా? నేను అన్నింటికంటే ఎక్కువగా నమ్మేది ఈ మూడో గుర్తునే.

పరిస్థితిని బట్టి మార్పులు

కాంట్రాక్టు సిబ్బంది విషయంలో జీతం మీ చేతిలో ఉండదు. కాంట్రాక్టరు దగ్గర జీతాల రిజిస్టరు అడిగి చూడడం మాత్రం మీ చేతిలో ఉంది, అక్కడి నుంచి మొదలుపెట్టండి. రాత్రి షిఫ్టువారు మేలు పొందినవారిని కలవడం కష్టం కాబట్టి, పగటి సమావేశంలో విన్నది వారికి చేరవేసే పని తోటి ఉద్యోగికే అప్పగించండి. మేనేజరు చెప్పినదాని కంటే తోటివాడు చెప్పినదే వారు నమ్ముతారు. సీజన్ కూలీలు రెండు నెలల్లో వెళ్లిపోతారు గనుక వారి దగ్గర ఎక్కువ భాగం మూడో అడుగే పనిచేస్తుంది. అయినా లోపలికి తీసుకెళ్లి చూపించడం మానకండి; వచ్చే ఏడు మళ్లీ మీ గేటుకే రావాలా అని వారు తేల్చుకునేటప్పుడు అది గుర్తుకొస్తుంది. మీరు యజమాని కాక సూపర్‌వైజరు మాత్రమే అయితే 2, 4, 6 అడుగులకు ఎవరి అనుమతీ పెద్దగా అక్కరలేదు. ఒకటో అడుగులో దొరికిన బాకీలను కాగితం మీద పెట్టి యజమానికి ఇవ్వండి, నకలు ఒకటి ఉంచుకోండి.

ఆరు వారాలు గడిచినా ఏమీ కదలకపోతే కొత్త కార్యక్రమం మొదలుపెట్టకుండా, మాట బాకీల కోసం వదిలిన ఆ పేజీని మళ్లీ తెరవండి. నేను చూసిన చాలా చోట్ల ఆ పేజీ సగం ఖాళీగానే ఉండేది. సిబ్బంది చెప్పడానికి వెనుకాడారు, అడిగినవారు రెండోసారి అడగలేదు. ఈసారి ఆఫీసు గదిలో కాకుండా టీ కొట్టు దగ్గర, అందరికంటే పాత ఉద్యోగిని, ఒంటరిగా ఉన్నప్పుడు అడగండి.